పై వాటాలో ఎవరుంటున్నారు? ఆసియా దెయ్యాల సినిమాలు, నగర ఒంటరితనం

జపాన్, కొరియా, హాంకాంగ్, థాయ్‌లాండ్ దెయ్యాల సినిమాల మీద పాతికేళ్లుగా వస్తున్న రాతల్లో ఒక మాట బాగా పాతుకుపోయింది. తెరమీద తిరిగే ఆ దెయ్యాలు నగరంలో మనిషి అనుభవించే ఒంటరితనానికి రూపాలని ఆ మాట. అందులో నిజముంది. కాకపోతే చేతులు మారీ మారీ అది అరిగిపోయింది. ఫ్లాటులో దెయ్యం కనబడితే చాలు, వెనకా ముందూ చూడకుండా ‘ఒంటరితనం’ అని చీటీ అంటించేస్తున్నారు. తల్లి, అన్నదమ్ములు, కోడళ్లు, పిల్లలు అంతా ఒకే కప్పు కింద ఉండే ‘13బి’ (2009) కుటుంబానికీ అదే చీటీ. కంప్యూటరు ముందు ఒక్కడే కూర్చుని చివరికి గోడమీద నల్లటి మరకగా మిగిలిపోయే ‘కైరో’ (2001) కుర్రాడికీ అదే చీటీ.

ఈ వాదం ఎక్కడ మొదలైంది, దేనిమీద నిలబడింది, ఒప్పుకోనివాళ్లు ఏమంటున్నారు, ఇంత చర్చ జరిగాక కూడా తేలనిదేమిటి అన్నది ఒకసారి లెక్క చూసుకోవడం మంచిది. ‘ఆసియా దెయ్యాల సినిమా’ అన్న మాట కూడా సౌకర్యం కోసం వాడుకుంటున్నదే. బ్యాంకాక్ దెయ్యానికీ టెహ్రాన్ జిన్నుకీ చుట్టరికం లేదు. ఇద్దరూ అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు, అంతే.

చింతచెట్టు దిగి లిఫ్టెక్కిన దెయ్యం

పాత కథల్లో దెయ్యానికి ఒక చిరునామా, ఒక పగ ఉండేవి. చిరునామా మన ఊళ్లలో చింతచెట్టో, శ్మశానమో, పాడుబడ్డ బంగళానో. జపాన్‌లో అయితే బావి. పగ మాత్రం ఎక్కడైనా ఒకటే తీరు, తనకు అన్యాయం చేసిన ఫలానా మనిషి మీద. నాలుగో త్సురుయా నన్బోకు 1825లో ఆడించిన కబుకీ నాటకం ‘యోత్సుయా కైదాన్’లో ఓయివా విషానికి ముఖం చెడి చచ్చిపోయి, తనను వంచించిన భర్తను వెంటాడుతుంది. ఈ కథను ఎన్నోసార్లు సినిమాగా తీశారు. నొబువో నకగావా 1959లో తీసిన దానికి ఇప్పటికీ పేరుంది. దారినపోయేవాళ్లతో ఓయివాకు పేచీ లేదు.

బ్యాంకాక్ వాళ్ల మే నాక్ కథ ఈ చర్చకు ఇంకా పనికొస్తుంది. భర్త యుద్ధానికి వెళ్లగా నాక్ పురిట్లోనే బిడ్డతో సహా చనిపోతుంది. అతను తిరిగొచ్చేసరికి ఇంట్లో మామూలుగా పనులు చేసుకుంటూ ఉంటుంది. ఆమె దెయ్యమని మొగుడికి తప్ప ఊరందరికీ తెలుసు. చెప్పబోయినవాళ్లు ప్రాణాలమీదికి తెచ్చుకుంటారు. నోన్‌జీ నిమిబుత్ర్ దీన్ని 1999లో ‘నాంగ్ నాక్’గా తీశాడు. కథ జరిగిన ఫ్రా ఖనోంగ్ అప్పట్లో కాలవ గట్టు పల్లె, ఇప్పుడు పైనుంచి రైలు వంతెన పోయే బ్యాంకాక్ పేట. అక్కడి వాట్ మహాబుత్ ఆవరణలో నాక్‌కు ఈనాటికీ బట్టలు, ఆమె బిడ్డకు బొమ్మలు మొక్కుబడిగా సమర్పిస్తారు. పల్లె దెయ్యం రహస్యం కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలు ఊరికంతటికీ తెలుసు. అపార్ట్‌మెంటు దెయ్యం సంగతి పక్క ఫ్లాటుకు కూడా తెలియదు. తెలిసినా ఎవరూ నోరు విప్పరు.

మలుపు 1998లో వచ్చింది. ఆ ఏడే జపాన్‌లో హిదెయో నకాతా ‘రింగు’, కొరియాలో పార్క్ కి-హ్యాంగ్ ‘విస్పరింగ్ కారిడార్స్’ విడుదలయ్యాయి. ‘రింగు’లో సదాకోను తండ్రే బావిలోకి తోశాడు. అయినా ఆమె పగ అతనితో తీరిపోదు. వీడియో టేపు చూసిన ప్రతివాళ్లకూ ఏడు రోజుల గడువే. తర్వాత తకాషీ షిమిజు ‘జు-ఆన్’ (2002)లో టేపు కూడా అక్కర్లేదు, ఆ ఇంటి గడప తొక్కితే చాలు. ముసలావిడను చూసుకోవడానికి వచ్చిన సేవా కార్యకర్త కూడా దానికి బలే. దెయ్యం పగ అలాగే ఉంది, గురి మాత్రం పోయింది. ఎవరు దొరికితే వాళ్లే. ఒంటరితనం వాదం పుట్టింది ఈ గురి పోవడంలోంచే. పగ ఫలానా మనిషి మీద కాకపోతే మరి దేనిమీద? చుట్టూ ఉన్నా పట్టించుకోని ఆ జనం మొత్తం మీద అన్నారు విమర్శకులు.

ఆ కాలమూ అలాంటిదే. జపాన్‌లో భూముల ధరల బుడగ 1990ల మొదట్లో పేలింది. 1995లో కోబే భూకంపం, రెండు నెలలకే టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయు దాడి. 1997లో బ్యాంకాక్‌లో మొదలైన ఆర్థిక సంక్షోభం కొరియాను కూడా కుదిపింది. అదే ఏడు హాంకాంగ్ చైనా చేతికి పోయింది. ఉద్యోగమూ ఇల్లూ ఊరూ ఏదీ ఖాయం కాని రోజుల్లో ఈ సినిమాలన్నీ వరసగా వచ్చాయి.

వాదానికి పట్టున్న చోటు

ఈ వాదాన్ని ఒకే ఒక్క సినిమా మీద నిలబెట్టమంటే అది కియోషీ కురోసావా ‘కైరో’నే. (అకీరా కురోసావాకు ఈయన బంధువు కాడు.) 2001 కాన్ ఉత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల సమాఖ్య బహుమతి దీనికి వచ్చింది. చనిపోయినవాళ్ల లోకం నిండిపోయింది, ఇక చోటు లేదు, అందుకని ఇంటర్నెట్ తీగల గుండా ఆత్మలు మన లోకంలోకి పొర్లి వస్తున్నాయన్నది కథలోని ఊహ. తలుపులకు చుట్టూ ఎర్ర టేపు అంటించిన గదులు, దెయ్యాన్ని కలుసుకుంటారా అని అడిగే కంప్యూటరు తెర. ఇవి అందరూ చెప్పుకునేవే.

అంతకంటే తేల్చిచెప్పే ఘట్టం సినిమా మొదట్లోనే ఉంది. రోజూ కలిసి పనిచేసే కుర్రాడు పనికి రావడం లేదని మిచి అనే అమ్మాయి అతని ఫ్లాటుకు వెళుతుంది. లోపల అతను పరధ్యానంగానే మాట్లాడతాడు. ఆమె ఫ్లాపీ డిస్కు వెతుకుతూ ఉండగా పక్క గదిలోకి నడిచి ఉరేసుకుంటాడు. కెమెరా దగ్గరికి పోదు, సంగీతం ఉలిక్కిపడదు. ఒకే ఫ్లాటులో ఇద్దరు, మధ్య నాలుగడుగులు. అయినా ఆమెకు తెలిసేసరికి అయిపోతుంది. ఇంకోచోట ఒక కంప్యూటరు ప్రోగ్రాము: తెరమీద చుక్కలు తేలుతుంటాయి. రెండు చుక్కలు బాగా దగ్గరైతే చచ్చిపోతాయి, మరీ దూరమైతే మళ్లీ ఒకదానివైపు ఒకటి లాక్కుంటాయి. దెయ్యాలకూ బతికున్నవాళ్లకూ తేడా ఏముందని ఈ సినిమా అడుగుతున్నప్పుడు, ఒంటరితనం అనేవాళ్లను తప్పుపట్టడం కష్టం.

‘విస్పరింగ్ కారిడార్స్’ కూడా ఈ పక్షానికి బలమైన సాక్షి. ఆడపిల్లల బడిలో ఏళ్ల కిందట చనిపోయిన ఒక విద్యార్థిని, స్నేహం కోసం పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ అదే తరగతిలో చేరుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాదాపు ఎవరూ పోల్చుకోరు. మార్కులు తప్ప ముఖాలు చూడని చోట దెయ్యానికి మారువేషం అక్కర్లేదు.

సినిమా బయటి లోకమూ ఈ వాదానికి దన్నుగానే ఉంది. బంధాలు తెగిన సమాజం గురించి జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 2010లో ఒక కార్యక్రమం చేసి, ఏటా సుమారు 32,000 మంది ఎవరూ లేకుండా చనిపోతున్నారని చెప్పింది. అది దేశాన్ని కదిలించింది. మానవశాస్త్రవేత్త ఆన్ ఆలిసన్ ‘ప్రికేరియస్ జపాన్’ (2013)లో ఈ స్థితినే వివరంగా రాసింది. 2020 జనగణన నాటికి జపాన్ ఇళ్లలో 38 శాతం ఒక్కరే ఉండే ఇళ్లు. 2021 ఫిబ్రవరిలో ఒంటరితనం వ్యవహారాలకు ఒక మంత్రినే నియమించారు. 2024లో ఒంటరిగా ఉంటూ ఇంట్లోనే చనిపోయినవాళ్లు దాదాపు 76,000 మంది అని అక్కడి పోలీసు శాఖ లెక్క తేల్చింది. వాళ్లలో మూడొంతులకు పైగా 65 దాటినవాళ్లు.

ఒప్పుకోనివాళ్లు

మొదటి అభ్యంతరం సంప్రదాయాన్ని ఎరిగినవాళ్లది. దిక్కులేని ఆత్మ నగరం కనిపెట్టిన సరుకు కాదంటారు వీళ్లు. తద్దినం పెట్టేవాళ్లు లేక, పిండం ముట్టక తిరిగే ప్రేతాల సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. చైనీయుల ఏడో నెలలో ఆకలి దెయ్యాలకు వీధుల్లో భోజనం పెట్టే ఆచారం వెనకా ఇదే భయం. సింగపూర్ దర్శకుడు కెల్విన్ టాంగ్ ‘ది మెయిడ్’ (2005) సరిగ్గా ఆ నెలలోనే మొదలవుతుంది. ఫిలిప్పీన్స్ నుంచి పనికి వచ్చిన అమ్మాయికి ఆ కట్టుబాట్లేవీ తెలియవు. పాత దెయ్యమే, ఇల్లు మారింది అనే ఈ మాటలో చరిత్ర ఉంది. కానీ ఇన్ని సినిమాలు 1998 తర్వాతి కొన్నేళ్లలోనే ఎందుకు వచ్చాయంటే వీళ్ల దగ్గర జవాబు లేదు.

రెండో వర్గం దెయ్యాన్ని కాలానికి సంబంధించిన సమస్యగా చూస్తుంది. స్టాన్లీ క్వాన్ ‘రూజ్’ (1987) వీళ్లకు ఇష్టమైన ఉదాహరణ. 1930ల్లో ప్రియుడితో కలిసి చావాలని ఒప్పందం చేసుకున్న వేశ్య, అతని జాడ వెతుక్కుంటూ 1980ల హాంకాంగ్‌కు వస్తుంది. ఆమె ఎరిగిన వీధులన్నీ మాయం. తాము ఎరిగిన ఊరు కళ్లముందే చెరిగిపోతోందన్న హాంకాంగ్ వాళ్ల బెంగను అక్బర్ అబ్బాస్ 1997 పుస్తకంలో చర్చించాడు. బ్లిస్ క్వా లిమ్ ‘ట్రాన్స్‌లేటింగ్ టైమ్’ (2009)లో ఇంకాస్త ముందుకు వెళ్లి, ఒకదానిలో ఒకటి కలవని కాలాలు పక్కపక్కనే ఉన్నాయని గుర్తుచేసేది దెయ్యమే అంటుంది. ‘రూజ్’ విషయంలో ఈ చదువు ఒంటరితనం చదువుకన్నా లోతైనది. ‘కైరో’ దగ్గరికొస్తే మాత్రం పెద్దగా పనిచేయదు. అక్కడ ఎవరికీ నిన్న అన్నదే లేదు.

మూడోది ఇంటి లెక్క. నాకు తెలిసి ఈ చర్చలో అందరికన్నా తక్కువగా వినబడిన, ఎక్కువగా వినాల్సిన వర్గం ఇదే. సంగీతా గోపాల్ ‘కాంజుగేషన్స్’ (2011)లో 1990ల తర్వాతి హిందీ భయానక చిత్రాలను పైకెదగాలనుకునే జంటలు, వాళ్లు చేరే ఫ్లాట్ల కథలుగా చదివింది. రామ్‌గోపాల్ వర్మ ‘భూత్’ (2003)లో భార్యాభర్తలు ముంబయి ఎత్తయిన భవనంలో ఫ్లాటు తీసుకుంటారు. అందులో అంతకుముందు ఒక స్త్రీ చనిపోయిందని భర్తకు తెలుసు. భార్యకు చెప్పడు. దెయ్యం కన్నా ముందు ఆ ఇంట్లోకి వచ్చింది ఆ దాపరికమే. థాయ్ దర్శకుడు సోఫోన్ సక్దాఫిసిత్ ‘లడ్డాలాండ్’ (2011)లో బ్యాంకాక్ నుంచి చియాంగ్ మై వచ్చిన మధ్యతరగతి తండ్రి, ప్రహరీ గోడ ఉన్న కాలనీలో తాహతుకు మించిన ఇల్లు తీసుకుంటాడు. ఆ వీధిలోనే ఒక బర్మా పనిమనిషి హత్యకు గురవుతుంది. ఒక్కొక్క కుటుంబమే ఖాళీ చేసి పోతుంది. ఇతను పోలేడు. పోతే అప్పు మిగులుతుంది, పరువు పోతుంది. ఆండ్రూ అలన్ జాన్సన్ ‘గోస్ట్స్ ఆఫ్ ద న్యూ సిటీ’ (2014)లో అదే చియాంగ్ మైలో సంక్షోభం తర్వాత పాడుపడిన భవనాలు, కాలనీల చుట్టూ పుట్టిన దెయ్యాల పుకార్లను నమోదు చేశాడు. ‘లడ్డాలాండ్’ దర్శకుడే ‘ద ప్రామిస్’ (2017)ను బ్యాంకాక్‌లో 1997లో సగంలో ఆగిపోయిన సాథోర్న్ యునిక్ భవనం చుట్టూ అల్లాడు.

జపాన్‌లో ఇది సినిమా ఊహ కూడా కాదు, అద్దె మార్కెట్టు. హత్యో ఆత్మహత్యో జరిగిన ఇంటిని తక్కువ అద్దెకు ఇస్తారు. అలాంటి విషయాన్ని కొత్తగా అద్దెకు వచ్చేవాళ్లకు సుమారు మూడేళ్ల పాటు చెప్పాలని ప్రభుత్వం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్లు దాటిన దెయ్యాన్ని మామూలుగా ఏజెంటు ప్రస్తావించనక్కర్లేదు! ఇలాంటి ఇళ్లలో ఉంటూ పేరు తెచ్చుకున్న ఒక హాస్యనటుడి అనుభవాల ఆధారంగా నకాతాయే 2020లో సినిమా తీశాడు.

ఇక ఆడవాళ్ల కోణం నుంచి చదివేవాళ్లు అడిగేది సూటి ప్రశ్న: ఈ దెయ్యాల్లో ఇంతమంది ఆడవాళ్లే ఎందుకున్నారు? సదాకో, ‘జు-ఆన్’లో కయాకో, ఓయివా, నాక్, ‘షటర్’ (2004)లో ఫొటోగ్రాఫరు భుజాలమీద ఎక్కి కూర్చున్న నాత్రే. వీళ్లలో చాలామంది ఒంటరితనంతో పోలేదు. తండ్రో మొగుడో ప్రియుడో చేసిన పనికి పోయారు. దాన్ని నగర ఒంటరితనం అంటే నేరస్థుడి పేరు చెరిపేసినట్టే. ఈ అభ్యంతరానికి ఒంటరితనం వర్గం ఇంతవరకు సరైన సమాధానం ఇవ్వలేదనే అనాలి.

పరిశ్రమ లెక్క చూసేవాళ్లది పొడి మాట, కానీ కొట్టిపారేయలేం. జపాన్ భయానక చిత్రాల వెల్లువ వెనక చవక డిజిటల్ కెమెరాలు, డీవీడీ మార్కెట్టు, చిన్న బడ్జెట్లు ఉన్నాయని మిత్సుయో వాడా-మార్సియానో రాసింది. ‘జు-ఆన్’ కూడా 2000లో నేరుగా వీడియోగా వచ్చిందే. డబ్బు లేనివాడు రాజసౌధం సెట్టు వేయలేడు. మామూలు టోక్యో ఇల్లు, ఖాళీ మెట్లు, ఇద్దరు నటులు ఉంటే చాలు. తెరమీది ఆ ఖాళీలో కొంత ఒంటరితనం, కొంత జూనియర్ ఆర్టిస్టులకు ఇవ్వడానికి లేని డబ్బు.

పైకప్పు మీద చెమ్మ

ఈ వాదాలన్నీ ఒకేచోట పరీక్షకు నిలిచే సినిమా నకాతా తీసిన ‘డార్క్ వాటర్’ (2002). కోజీ సుజుకీ కథ ఆధారం. విడాకుల కేసులో ఉన్న యోషిమి తన చిన్న కూతురితో ఒక పాత అపార్ట్‌మెంటులో దిగుతుంది. పడకగది పైకప్పు మీద చెమ్మ. ముందు అరచేయంత, తర్వాత మంచమంత, తర్వాత చుక్కలు చుక్కలుగా కారడం మొదలవుతుంది. ఆమె బిల్డింగు చూసుకునే ముసలాయనకు చెబుతుంది. రాసుకుంటానంటాడు. ఏజెంటుకు చెబుతుంది. చూస్తానంటాడు. అద్దె ఇంట్లో నీళ్లు కారిన ఎవరికైనా ఈ సంభాషణ కొత్త కాదు. తల్లి వదిలేసి వెళ్లిన చిన్నపిల్ల మిత్సుకో ఒకప్పుడు పై ఫ్లాటులో ఉండేది. బడి దగ్గర తీసుకెళ్లే దిక్కు కోసం వానలో పసుపు రెయిన్‌కోటుతో నిలబడేది. డాబా మీది నీళ్ల ట్యాంకులో పడి పోయింది. ఆ ట్యాంకు నీళ్లే భవనమంతా తాగుతోంది. పిల్ల కనబడటం లేదన్న కాగితం అంటించారు గానీ ట్యాంకు మూత ఎత్తి చూసినవాడు లేడు.

యోషిమి ఒంటరిదే. అయితే కథ నడిచేది ఆమె ఒంటరితనం వల్ల కాదు, ఆ చెమ్మ ఎవరి బాధ్యతో ఎవరూ తేల్చకపోవడం వల్ల. పై ఫ్లాటు నేల, కింది ఫ్లాటు పైకప్పు ఒకే పలక. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్లకు ముఖపరిచయం లేదు. టెహ్రాన్ నేపథ్యంగా బాబక్ అన్వరీ తీసిన ‘అండర్ ద షాడో’ (2016)లో జిన్ను వచ్చేది కూడా పైకప్పు పగులులోంచే. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో పై వాటా మీద పడి పేలని క్షిపణి చేసిన పగులు అది. ఒక్కొక్కరే ఊరొదిలిపోగా భవనంలో చివరికి తల్లీ కూతురూ మిగులుతారు.

కురోసావా ‘రెట్రిబ్యూషన్’ (2006) ఈ మాటను ఇంకా పచ్చిగా చెబుతుంది. టోక్యో అఖాతం ఒడ్డున ఒకప్పుడొక పిచ్చాసుపత్రి. రోజూ పడవ మీద పోయేవాళ్లకు దాని కిటికీలో ఒక స్త్రీ కనబడేది. చూశారు, దాటిపోయారు. ఎర్ర బట్టలతో వచ్చే ఆ దెయ్యానికి వాళ్లందరి మీదా పగ. చంపినందుకు కాదు, చూసి ఊరుకున్నందుకు. పగకు గురి పోయిందని అనుకున్నాం కదా, ఇక్కడ గురి దొరికింది. దారినపోయేవాళ్లే ఆ గురి.

అందుకే ఒంటరితనం వాదం సగం సరైనదని నా అభిప్రాయం. ఈ సినిమాల్లో దెయ్యం, ఒంటరిగా ఉన్న మనిషి మనసుకు అద్దం కావడం తక్కువ. పక్కనే ఉండి పట్టించుకోనివాళ్ల మీద మిగిలిపోయిన బాకీ కావడమే ఎక్కువ. ఒంటరితనం ఒక మనిషి లోపల ఉండేది. దిక్కులేనితనం ఇద్దరి మధ్య జరిగేది. విమర్శ మొదటిదాన్ని చూసి రెండోదాన్ని వదిలేసింది.

ఈ మాటకూ ఎదురుదెబ్బ ఉందని ఒప్పుకోవాలి. కాంగ్ ఫుల్ వెబ్‌టూన్ ఆధారంగా ఆన్ బ్యాంగ్-కి తీసిన కొరియా చిత్రం ‘ఎ.పి.టి.’ (2006)లో రాత్రి సరిగ్గా 9.56కు ఎదురు భవనంలో దీపాలు ఒక్కసారిగా ఆరిపోతుంటాయి. తల్లిదండ్రులు పోయి, నడవలేని ఒక అమ్మాయిని చూసుకుంటామని ఆ భవనంవాళ్లు వంతులు వేసుకున్నారు. ఆ వంతుల్లోనే ఆమెను హింసించారు. ఇక్కడ దెయ్యం పుట్టింది పట్టించుకోకపోవడం వల్ల కాదు, పట్టించుకున్న తీరు వల్ల. ఇరుగుపొరుగు ఉంటే దెయ్యం ఉండదనుకునేవాళ్లు ఈ సినిమా చూడాలి. హాంకాంగ్‌లో జూనో మాక్ ‘రిగర్ మోర్టిస్’ (2013) దీనికి తిరగేసిన బొమ్మ. ప్రభుత్వ గృహసముదాయంలోని 2442 నంబరు ఫ్లాటులో ఉరేసుకోబోయిన మాజీ నటుడిని కాపాడేది అదే భవనంలో అన్నం వండి అమ్ముకునే పాతకాలపు భూతవైద్యుడు. ఆ పక్కనే పోయిన మొగుడిని బతికించుకోవాలని పాకులాడే ముసలావిడ. అంతా ఒక కారిడార్ మనుషులే, ఎవరి గోల వాళ్లది.

తెలుగు తెర మీద

మన దగ్గర ఈ వాదం నేరుగా అతకదు. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో కొత్త అద్దింట్లోకి దిగిన కుటుంబం, కింది నేలమాళిగ ఉన్నాయి గానీ ఒంటరితనం లేదు. తల్లి, తండ్రి, కాలేజీ స్నేహితులు అందరూ చుట్టూనే. ‘అరుంధతి’ (2009) సంస్థానం కోటలో జరిగే పాత పగ. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడాక కొన్నాళ్లపాటు తెలుగు దెయ్యానికి హాస్యమే ఆధారమైంది. ‘గీతాంజలి’ (2014)లో ఫ్లాటు ఉన్నా నవ్వులదే పైచేయి. ‘ఆనందో బ్రహ్మ’ (2017) అమ్మకానికి పెట్టిన ఇంటి కథ. అక్కడ దెయ్యాలే మనుషులకు జడుస్తాయి. హాలంతా ఈలలు వేస్తూ చూసే దెయ్యానికి ఒంటరితనం అంటగట్టడం కష్టమే. అయితే ఇంటి లెక్క చూసే వర్గానికి ఈ సినిమాల్లో బోలెడు సరుకుంది. మన దెయ్యాలు చాలావరకు రిజిస్ట్రేషన్ తగాదాలు.

రెండు సినిమాలు మాత్రం విడిగా నిలుస్తాయి. తెలుగు, తమిళాల్లో వచ్చిన అశ్విన్ శరవణన్ ‘గేమ్ ఓవర్’ (2019)లో దాడికి గురై చీకటంటే హడలిపోతున్న స్వప్న ఇంట్లోంచి బయటికి రాదు. పనిచేసే కళమ్మ ఒక్కతే తోడు. స్వప్న చేతిమీది పచ్చబొట్టు సిరాలో పొరపాటున ఒక హత్యకు గురైన అమ్మాయి చితాభస్మం కలిసిపోతుంది. ఆ చనిపోయిన అమ్మాయి ఈమెను భయపెట్టదు, కాపాడుతుంది. ఒంటరి మనిషికి దెయ్యం తోడుగా రావడం ఈ మొత్తం చర్చలో చాలా అరుదు. సాయికిరణ్ ‘మసూద’ (2022)లో భర్తకు దూరంగా కూతురితో అపార్ట్‌మెంటులో ఉండే టీచరు నీలం, పక్క ఫ్లాటులో బిడియస్తుడైన కుర్రాడు గోపి. కూతురికి దెయ్యం పడితే అర్ధరాత్రి ఆమె తట్టేది అతని తలుపే. ‘డార్క్ వాటర్’లో యోషిమికి దొరకనిది ఇక్కడ నీలానికి దొరికింది. మలయాళంలో రాహుల్ సదాశివన్ ‘భూతకాలం’ (2022) ఇంకో అడుగు వేసింది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మాట ఒకరు నమ్మని తల్లీకొడుకుల కథ అది. దెయ్యం ఉందా లేదా అన్న అనుమానం కన్నా, కొడుకు చెప్పేది తల్లి వింటుందా అన్న అనుమానమే మనల్ని కూర్చోబెడుతుంది. ‘రాత్రి’లో దెయ్యం పట్టిన అమ్మాయిగా చేసిన రేవతే, ముప్ఫై ఏళ్ల తర్వాత ఇందులో ఆ తల్లి.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఒక్కో వాదానికి ఒక్కో సొంత సినిమా ఉంది, అదే దాని బలమూ బలహీనతా. ఒంటరితనం వర్గం ‘కైరో’ను వివరించినట్టు ఇంకెవరూ వివరించలేరు. ‘షటర్’ దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. స్త్రీల కోణం ‘షటర్’ను, ‘జు-ఆన్’ను తెరిచి చూపిస్తుంది గానీ ‘కైరో’లో దానికి పని తక్కువ. కాలం గురించి మాట్లాడేవాళ్లది ‘రూజ్’. ఇంటి లెక్కవాళ్లది ‘లడ్డాలాండ్’, ‘భూత్’, ‘13బి’. సంప్రదాయవాదులు ఏ సినిమానైనా కొంత వివరిస్తారు, దేన్నీ పూర్తిగా వివరించరు. పరిశ్రమ లెక్క, సినిమాలు ఎలా వచ్చాయో చెబుతుంది, జనం ఎందుకు చూశారో చెప్పదు. చైనా ప్రధాన భూభాగంలో అయితే సెన్సారు నిబంధనల వల్ల దెయ్యం చివరికి భ్రమ అనో మందు ప్రభావం అనో తేలాల్సిందే. అక్కడి సినిమాలను ఈ తూకంలో వేయడమే అన్యాయం.

ఇంకా తేలనివి

దెయ్యం ఒంటరితనానికి అద్దమనే వాదానికి ఒక మొండి ప్రశ్న ఎదురుగా ఉంది. దెయ్యాలు ఒంటరితనాన్ని ప్రతిబింబిస్తే, ఒంటరితనం పెరిగేకొద్దీ అలాంటి సినిమాలూ పెరగాలి. జరిగింది వేరు. జపాన్‌లో ఈ తరహా చిత్రాల ఊపు 1998 తర్వాత ఏడెనిమిదేళ్లు బలంగా ఉండి సన్నగిల్లింది. ఒంటరి చావుల లెక్కలు ఆ తర్వాతే వార్తలకెక్కాయి. సినిమా ముందే పసిగట్టిందనవచ్చు. లేదా ఒంటరితనం మామూలైపోయాక అది భయపెట్టడం మానేసిందనవచ్చు. రెండూ ఊహలే.

చూసే తీరు కూడా మారింది. ‘రింగు’ను హాల్లో నలుగురితో కలిసి చూసినవాళ్లున్నారు, వీడియో టేపు అద్దెకు తెచ్చుకుని ఇంట్లో చూసినవాళ్లున్నారు. ‘భూతకాలం’ నేరుగా ఓటీటీలో వచ్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దుప్పటి కింద ఫోనులో చూసినవాడికీ హాల్లో చూసినవాడికీ దెయ్యం ఒకటేనా అన్నదాని మీద చర్చ ఇంకా మొదట్లోనే ఉంది.

అన్నిటికన్నా చిక్కుముడి మాత్రం ఇటీవలి బాక్సాఫీసుది. ఇండోనేషియాలో జోకో అన్వర్ ‘సైతాన్స్ స్లేవ్స్’ రెండో భాగాన్ని 2022లో వరద ముంచెత్తిన ఒక గృహసముదాయంలో పెట్టాడు. అదే ఏడు అక్కడ రికార్డులు బద్దలుకొట్టింది మాత్రం కాలేజీ పిల్లలు మారుమూల పల్లెకు వెళ్లే ‘కె.కె.ఎన్. డి దెసా పెనారి’. మన ‘విరూపాక్ష’ (2023) ఊరి కట్టుబాట్ల కథ, ‘మా ఊరి పొలిమేర’ పేరులోనే ఊరుంది. కొరియాలో 2024లో కోటి మందికి పైగా చూసిన ‘ఎక్స్‌హ్యూమా’ కొండమీది సమాధి తవ్వకంతో నడుస్తుంది. నగరాల్లో ఉండే జనమే టికెట్టు కొని పల్లె దెయ్యాలను చూస్తున్నారు. ఊరంటే మిగిలిన బెంగ కావచ్చు, ఊరంటే పెరిగిన భయం కావచ్చు. ఆ ‘ఎక్స్‌హ్యూమా’లో దెయ్యం పట్టింది లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డ సంపన్న కొరియన్ కుటుంబాన్ని. పీడిస్తున్నది స్వదేశంలో వాళ్లు వదిలేసి వచ్చిన తాతగారి సమాధి. ఆ కుటుంబంలో ఒంటరివాళ్లు ఎవరూ లేరు. దిక్కులేనివాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన మట్టి కింద ఉన్నాడు. ఆ తాతగారిని పైన చెప్పిన ఏ వర్గం లెక్కలో వేయాలన్నదాని మీద ఇంకా ఒప్పందం కుదరలేదు.